జ్వరం తగ్గిందని రాశారు

అక్కా, బావా,

నేను కులాసా. బుజ్జమ్మకు జ్వరం తగ్గిందన్న మీ ఉత్తరం చూసి నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, నేను దోమల మందు కొట్టే వీధిలో టైలరు కూతురికీ అలాగే తగ్గింది. "ఇంక భయం లేదు బాబూ, పాలు కూడా తాగింది" అని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. మర్నాడు నేను వాళ్ళ తొట్టిలో పురుగు పట్టిన నీళ్ళు పారబోస్తుండగా పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. చిగుళ్ళ నుంచి రక్తం. మందు డబ్బా అక్కడే పడేసి, పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

"డెంగీలో జ్వరం దిగాకే అసలు గండం. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది" అంది డాక్టరమ్మ. ఇప్పుడు పిల్ల లేచి కూర్చుంటోంది.

బుజ్జమ్మకు రక్తపరీక్ష చేయించారా? కడుపునొప్పి, వాంతులు, మత్తు, ఏది కనబడినా పొద్దున్న చూద్దాంలే అనుకోకండి. అమ్మ వేసుకునే నొప్పుల మాత్రలు దానికి వెయ్యొద్దు. పెరట్లో డ్రమ్ముకు మూత ఉందా?

అమ్మకు నమస్కారాలు. ఈ కార్డు అందేసరికి బుజ్జమ్మ వీధిలో గెంతుతూ ఉంటే, "మామయ్య ఉత్త పిరికివాడు" అని అందరూ కలిసి నవ్వుకోండి. నవ్వుకున్నామని మాత్రం వెంటనే రాయండి.

మీ తమ్ముడు