కడిగిన రాళ్ళు

అనకాపల్లి,
10-9-1969.

చిరంజీవి నూరుద్దీన్‌కు అమ్మీ దువాలు. అల్లా దయతో ఇక్కడ అందరం బాగున్నాం. మీ అబ్బాకు దగ్గు తగ్గింది. లడాఖ్ చలికి చెవులు నొప్పి పెడుతున్నాయన్నావు. ఉన్ని టోపీ పంపుతున్నాను, తీయకుండా పెట్టుకో.

నువ్వు అక్కడినుంచి పంపిన పదకొండు రాళ్ళూ భద్రంగా ఉన్నాయని పోయిన కార్డులో రాశాను. ఏ రాయి ఏ కొండదో నంబరుతో రాసి కట్టిన చీటీలు ఊడలేదు కదా అని మళ్ళీ అడిగావు. అవి ఒకప్పటి సముద్రం అడుగనీ, ఒక నేల మరో నేల కిందికి పోయినప్పుడు లోతున నలిగి నీలంగా మారాయనీ నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. రాయి ఎప్పుడు నలిగిందో లేబొరేటరీలో వయసు కడితే, ఆ నేల ఎప్పుడు కిందికి పోయిందో తెలుస్తుందన్నావు. ఈ శుక్రవారం వాటిని అక్కడికి పార్సెల్ చేయించమన్నావు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆవేళ బండి తోలే సింహాచలం మన ఊరి స్టేషన్ నుంచి నీ రాళ్ళ గోనె తెచ్చి దించుతూ, "అమ్మగోరూ, బెల్లం దిమ్మల పక్కనెట్టేను. పాకం కారిందని కుక్క దూరి రాళ్ళన్నీ నాకేసింది. ఏటి రుసో దానికి!" అని నవ్వాడు. కుక్క నాకినవాటిని నమాజు చేసే ఇంట్లోకి ఎలా తేను? చీటీలు విప్పి అరుగు మీద వరసగా పెట్టి, ఒక్కో రాయినీ మూడేసిసార్లు కడిగి, అదే వరసలో ఉంచాను. పాలు పొంగుతుంటే లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి రాళ్ళన్నీ వాకిట్లో కుప్పగా ఉన్నాయి.

"బేగి ఆరతాయని ఎండలో ఎట్టేనమ్మా" అన్నాడు సింహాచలం. వాణ్ణేమనను?

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇది. ఆ సాయంత్రం భయంతో, తోచిన చీటీ తోచిన రాయికి కట్టేశాను. ఆ తరవాతే నీకు కార్డు రాశాను.

"రాళ్ళకి ముకాలుంటాయేటే? ఏ సీటీ కడితే ఏటి? ఆడికి సెప్పకు, ఉజ్జోగం పోద్ది" అంటారు మీ అబ్బా. కానీ నువ్వు నమ్మి ఒక కొండ వయసు ఇంకో కొండకు రాస్తావు. నీ తరవాత చదివేవాళ్ళూ నమ్ముతారు. ఆ అబద్ధం నాది.

ఈ ఉదయం చీటీలన్నీ విప్పేశాను. ఎర్ర చుక్కలున్నది నాలుగో నంబరని నువ్వే రాశావు కనుక దానికొక్కదానికే చీటీ కట్టాను. తక్కిన చీటీలు డబ్బాలో వేరే దాచాను. పార్సెల్ చేయించను. నువ్వొచ్చి చూసుకో, నా ఎదుటే తిట్టు. మిగిలిన పది రాళ్ళకూ తెల్లకాగితం ముక్కలు కట్టి, ఒక్కోదాని మీద నా చేత్తోనే "తెలియదు" అని రాశాను.

ఇట్లు,
నీ క్షమ కోరే అమ్మీ,
బషీరాబీ