వేళ్లకంటిన సైరీన్ నాణెం

మార్చి 3, మంగళవారం

ఫెయిల్. మ్యూజియంలో వాలంటీర్ గైడ్‌గా తీసుకునే ముందు ట్రయల్ టాక్ పెడతారు — ఐదు నిమిషాలు, ఒకే నాణెం. గుడ్లగూబ నాణేన్నీ రెక్కల గుర్రం నాణేన్నీ ఎవరో ముందే పట్టేశారు. నాకు మిగిలింది సైరీన్, లిబియా వైపు పాతకాలం గ్రీకులు కట్టుకున్న ఊరు. వెండి నాణెం. ఒక పక్క పొట్టేలు కొమ్ముల దేవుడు, ఇంకో పక్క లావుపాటి కాడతో ఒక మొక్క. బట్టీ పట్టింది పొల్లు పోకుండా అప్పజెప్పాను. వినేవాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

"వన్ మోర్ గో, లవ్. సాటర్డే" అంది ట్రైనింగ్ చూసే జూడిత్. జాలి! అదే మండుతోంది. రైల్లో మాసన్ లేక్స్‌లో మా ఇంటిదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు.

మార్చి 5, గురువారం

పులిహోర తాలింపు. ఇంగువ పడిందో లేదో నిత్య స్కూల్ బ్లేజర్ చంకలో పెట్టుకుని గరాజ్‌లోకి పరుగు. "అమ్మా, సీరియస్లీ! ఐ స్మెల్ లైక్ ఇట్ ఆల్ డే." పన్నెండేళ్లకే ఎంత పరువో నా కూతురికి.

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాణెం మీది ఆ మొక్క... కాడకి గాటు పెడితే పాలు కారతాయి, ఎండితే బంక, వంటకీ మందుకీ అదే. ఆ మొక్క మాయమైపోయాక దాని బదులు వాడింది ఇంగువే! పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో. మొద్దుని.

నూనె మాడింది. మాడనీ.

మార్చి 6

జూడిత్‌కి ఫోన్. గ్యాలరీలోకి తినేవేవీ తేకూడదట. "నాట్ ఈవెన్ అ స్పైస్." సరే, తేను.

మార్చి 7, శనివారం

నెగ్గాను! నెగ్గాను!

గుమ్మం బయటే అందరి వేళ్లకీ ముద్ద ఇంగువ రాశాను. ఆ మొహాలు చూడాలి! ఒక పెద్దాయన "గుడ్ లార్డ్" అని వెనక్కి గెంతాడు. డబ్బా లాకర్‌లో పెట్టేసి, వాళ్లని లోపలికి నడిపించి, నాణెం ముందు నిలబెట్టి — ఇప్పుడు వేళ్లు వాసన చూడండి అన్నాను. ఈ ఊరికి సిరి తెచ్చింది దీనికి చుట్టమైన మొక్క. తిని తిని మొక్కే లేకుండా చేశారు. బొమ్మ మిగిలింది, వాసన పోయింది. దానికి దగ్గరి వాసన మా వంటింట్లో ఉంది.

ఒక్కరూ ఫోన్ తీయలేదు. పెద్దాయన ఒక కంట నాణెం చూస్తూ వేలు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు. జూడిత్ నవ్వి, "టెక్నికల్లీ, నో స్పైస్ కేమ్ ఇన్" అంది. వచ్చేవారం నుంచి టూర్లు నావి. నావి!

ఇంట్లో మా ఆయన "ఇంగువతో కొట్టావన్నమాట!" అని ఒకటే నవ్వు. నిత్య మొహం చేతుల్లో దాచుకుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తూ, "డిడ్ దే లైక్ ఇట్?"

మార్చి 12, గురువారం

రేపటి స్కూల్ టూర్ నాకిచ్చారు. నిత్య క్లాసే.

"అమ్మా, ప్లీజ్. జస్ట్ డోంట్ డూ ద స్మెల్ థింగ్."

మాట ఇవ్వలేదు. కాదనీ అనలేదు. గెలిచింది ఆ వాసనతోనే కదా... తనకి తలవంపులు తెచ్చి ఏం గెలుపు?

మార్చి 13, పొద్దున్నే

ఇంగువ డబ్బా లేదు. అల్మరా, హ్యాండ్‌బ్యాగ్, పోపుల డబ్బా వెనక — ఎక్కడా లేదు. నిత్య అప్పటికే బస్సెక్కేసింది. నాకు దొరక్కుండా పట్టుకుపోయిందా? ఫ్రెండ్స్ వేళ్లకి తనే రాద్దామనుకుందా? ఫోన్ చేయబోయి ఆగాను.

ఏదైతేనేం... ఆ బ్లేజర్‌కి ఇవాళ వాసన తప్పదు.