నాలుక బయటపెడితే కదిలే గడ్డ

మాచర్ల

అల్ఫియా వాళ్ల నాన్నకు,

సలాం. అందరం క్షేమమని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. మస్కట్ ఎండలో జాగ్రత్తగా ఉండండి. ఫోన్లో చెబుదామంటే అత్తమ్మ పక్కనుంచి కదలదు. అందుకే ఇలియాస్ అన్నయ్య అక్కడికి వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

మెకానిక్ షెడ్డు సంగతి అడిగారు. తాళం నా దగ్గరే ఉంది, ఎలుకలు తప్ప ఎవరూ లోపలికి పోవడం లేదు.

పిల్ల గొంతు మీది గడ్డ గండమాలేనని, కత్తి పెట్టించకుండా వాత పెట్టించమని రాశారు. పెట్టించను. గుంటూరు డాక్టరమ్మ పిల్లను నాలుక బయటపెట్టమంటే గడ్డ పైకి జరిగింది. గండమాల కాదు, నీటితిత్తి అంది. ప్రాణభయం లేదు గానీ చీము పట్టకముందే తీయాలట. ఎక్కడో అరుదుగా వంశంలో వస్తుందట. "మీ ఇళ్లల్లో ఎవరికైనా ఉందా?" అని అడిగితే లేదన్నాను. అత్తమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి అల్ఫియాకు అదో ఆట. అద్దం ముందు నాలుక బయటపెట్టి, గడ్డ ఎగురుతుంటే పడీపడీ నవ్వుతుంది. మొన్న అది చూసి అత్తమ్మ, "నోరు మూయవే హమీదా!" అని కేక పెట్టింది. ఎవరా హమీదా అని అడిగితే అప్పుడు చెప్పింది.

మీరు పుట్టకముందు, ఏడేళ్లకే జ్వరంతో పోయిందని చెప్పారే, ఆ అక్క. ఆమెకూ అదే చోట అదే గడ్డ. నాలుకతో పాటు కదులుతుంటే లోపల ఏదో చేరిందని భయపడి, కాల్చిన కడ్డీతో వాత పెట్టించారట. పుండు చీము పట్టి, ఆ తర్వాత జ్వరం.

"కాళ్లు పట్టుకుంది నేనేనే ఫిర్దౌసూ. వదులమ్మీ, వదులమ్మీ అని చానా ఏడ్చింది. ఈ పిల్ల నవ్వితే అదే వచ్చి నవ్వినట్టుంటది. ఏందే నా తలరాత?" అంది అత్తమ్మ. ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు నాకూ భయమే. అల్ఫియాను పిలవబోతే హమీదా పేరే నోటిదాకా వస్తోంది.

మీకు చెప్పనిది ఒకటుంది. ఆపరేషన్‌కు సంతకం పెట్టేశాను. ఇది మీకు అందేసరికి అయిపోతుంది. కోపమొస్తే నన్ను తిట్టండి, అత్తమ్మను మాత్రం ఏమీ అడగొద్దు.

నిన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి, మా ఆడపడుచుకు ఉండేదని చెప్పాను.

"ఆవిడకు ఇప్పుడు వయసెంత?" అంది.

ఏడేళ్లన్నాను.

ఇట్లు,
హమీదా మరదలు,
ఫిర్దౌస్