నిమురుతున్న చెయ్యి

మార్చి 9, ఆదివారం

చిరంజీవి పిడుగుకి,

నాన్న దీవించి రాస్తున్నాను. నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరు తిట్టుకుంటూ బాగానే ఉన్నాం. నువ్వూ, నా మీద నీ కోపమూ కులాసా అని తలుస్తాను.

నీకు చెప్పకుండా గురువారం నీ ఫొటోల ప్రదర్శనకు వెళ్ళాను. టికెట్లిచ్చే ఆవిడ నీకు నేనేమవుతానని అడిగితే, ఫొటోలు తీసే మనిషినని చెప్పి తప్పించుకున్నాను. బడి బల్లల మీదుగా ఈదుతున్న చేపలు, ఏనుగు చెవిని దుప్పటిలా కప్పుకుని నిద్రపోతున్న నువ్వు, నీ ఆరేళ్ళ జడలోంచి ఎగిరిపోతున్న పిచ్చుకలు. అన్నింట్లోనూ ఉన్నవి నేను తీసిన నీ చిన్ననాటి ఫొటోలే. అతుకు ఎక్కడుందోనని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను, దొరకలేదు. మా స్టూడియోలో బ్లేడుతో కోసి, అంచులు గరుకు కాగితంతో అరగదీసి, జిగురు పెట్టి, కుంచెతో దిద్ది, మళ్ళీ ఫొటో తీసేవాళ్ళం. పోయిన తాతను మనవడి పక్కన కూర్చోబెట్టమని ఎంతమంది వచ్చేవారో! నువ్వు నన్ను మించిపోయావు. ఈ మాట ఎదురుగా అంటే నెత్తికెక్కుతావని రాస్తున్నాను.

చివరి గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాను. అమ్మ ఒడిలో పసిగుడ్డుగా ఉన్న నిన్ను తీసేసి, జింకపిల్లను పెట్టావు. అమ్మ నన్నెత్తుకున్న ఫొటో ఇదొక్కటే అని కింద చీటీలో రాశావు. ఆ చెయ్యి బిడ్డను పట్టుకున్నట్టు లేదు, ఏదో జంతువును నిమురుతున్నట్టుంది, అందుకే ఇలా చేశానని కూడా రాశావు.

దాని నెగెటివ్ కావాలని మూడుసార్లు అడిగావు. చెమ్మకు పాడైందని ఒకసారి, పెట్టె తాళం పోయిందని ఒకసారి చెప్పాను. మూడోసారి నేనేమీ చెప్పకముందే, అమ్మను కూడా నాకు మిగల్చకుండా నువ్వొక్కడివే దాచుకున్నావంటూ ఫోన్ పెట్టేశావు. నెలయింది. నాకు అన్నం సయించడం లేదు.

చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. సంతకం పెట్టాక రాస్తాను. ముందే రాస్తే సంతకం దాకా రాలేను.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: నెగెటివ్ పాడవలేదు. ఈ కవర్లోనే ఉంది, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూడు. అమ్మ ఒడిలో నువ్వుండవు, మనింటి పిల్లి ఉంటుంది. నువ్వు పుట్టిన రోజున మూసిన కళ్ళు అమ్మ మళ్ళీ తెరవలేదమ్మా. నిన్ను చూడలేదు, ఎత్తుకోలేదు. అమ్మ మూడు నెలలు బతికిందని, అన్నాళ్ళూ నిన్ను కిందికి దించలేదని నీకు చెప్పిన కథ నేను అల్లిందే. అమ్మ ఏదని నువ్వు ఏడుస్తుంటే చూడలేక, పిల్లి మీద నిన్ను అతికించాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా. ముప్పై ఏళ్ళు ఎవరికీ దొరకలేదు, ఆ చెయ్యి దగ్గర నీకు దొరికిపోయాను.

చీటీ మార్చాలో వద్దో నీ ఇష్టం. ఒక్క మాట మాత్రం నమ్ము. ఆ ఫొటో తీసిన రోజు అమ్మకు ఎనిమిదో నెల. పొట్ట కనబడుతుందని సిగ్గుపడి పిల్లిని అడ్డం పెట్టుకుంది. నేను అతికించక ముందే నువ్వు ఆ ఫొటోలో ఉన్నావు.