రాక్షసుడు కూర్చోడు

1996 మార్చి 3, ఆదివారం

మొసలి తోక ఊడిపోయింది. తెర మీదే, అంతమంది చూస్తుండగానే. హీరోయిన్ వెనకాల మొసలిమనిషి పరుగు... తోక మాత్రం కోటగోడ దగ్గరే పడి ఉంది. మరుసటి షాట్‌లో మళ్ళీ తోక! "యాడ దొరికిందిరా?" అని ముందు వరుసలో ఎవరో కేక. హాలంతా గొల్లుమంది. ఆ తోక కుట్టింది నేనే. లారీ సీటు రెక్సిన్, లోపల ఫోమ్. సిగ్గుపడాల్సింది పోయి అందరికన్నా ఎక్కువ నవ్వాను.

ఇలాంటి సినిమాలంటే నాకు ప్రాణం. పింగ్‌పాంగ్ బంతుల కళ్ళు. మిట్టమధ్యాహ్నం తీసి, కెమెరాకు నీలం కాగితం అడ్డం పెట్టి, అర్ధరాత్రి అనడం. ఆ అర్ధరాత్రి అందరి కాళ్ళ కిందా నీడలు! పైగా ఆ మొసలి లోపల ఉన్నది మా ఆయన. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ముందు గబ్బిలం, తర్వాత కోతిమనిషి, ఇది మూడోది. ఇంతవరకు మొహం ఒక్కసారీ కనిపించలేదు.

చివర్లో మొసలి చేతులు కొట్టుకుంటూ గిరగిరా తిరిగే సీను. ఈలలే ఈలలు. నాకైతే నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు. పక్కకు చూస్తే ఈయన నవ్వడం లేదు.

బస్సులో చెప్పారు. "అది యాక్టింగ్ కాదు మే. జిప్పు పట్టుకునింది."

మార్చి 4, సోమవారం

పనిలో చేయి ఆడలేదు. నా జిప్పు అది. కెమెరాకు కనపడకూడదని వీపు మీద పెట్టి, పైన పొలుసులు కప్పి, ఎంత మురిసిపోయానో! బయటివాళ్ళు తీస్తేనే వస్తుంది. ఆ రోజు షూటింగుకు నేను వెళ్ళలేదు — పీణ్యలో, నేను సీట్లు కుట్టే షెడ్డులో, లారీ సీట్లు అర్జెంటు.

ఎంతసేపు అని అడిగాను.

"ఏమో. సినిమాలో చూస్తివి కదా, అంతసేపు. గాలి ఆడలే. అరిచినా. చప్పట్లు కొట్టినారు."

"ఏమని అరిచినారు?"

"నీ పేరే. మార్తా, మార్తా అని."

దాని మీద పులి గాండ్రింపు పెట్టారు. మాటలన్నీ తర్వాత కలుపుకునేవే కదా. అంటే నిన్న హాల్లో ఆ గాండ్రింపు కింద నా పేరు ఉంది. నేను నవ్వుతూ ఉన్నాను.

మార్చి 9, శనివారం

డైరెక్టరు మా షెడ్డుకే వచ్చాడు. కుట్టిన సీటు మీదే కూర్చుని కథ చెప్పాడు. ఈసారి అగ్గిరాక్షసుడు. నిజానికి రాక్షసుడు కాడు, మంచి సైంటిస్టు, ఏదో తాగి అట్లా అయిపోయాడు. (అందరూ ఏదో ఒకటి తాగే అవుతారు.) క్లైమాక్సులో ఒళ్ళంతా మంట. మొహం తొడుగు కరిగి, లోపలి మనిషి మొహం బయటపడుతుంది. తెర నిండా.

"దానియేలూ, ఈసారి నీ మొగమప్పా. పోస్టరు మీద గూడా."

ఈయన పక్క షెడ్డులో లేత్ మిషను పని వదిలి అట్లాగే వచ్చారు, చేతులకు గ్రీజు. ఇంటికెళ్ళాక బీరువా అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. అటు తిరిగి, ఇటు తిరిగి. పెళ్ళిచూపులకు కూడా అంతసేపు చూసుకుని ఉండరు.

మార్చి 10, ఆదివారం

మా పాప సోఫీ ఏడుపు. వాళ్ళ నాన్నే మొసలి అంటే స్కూల్లో ఎవ్వరూ నమ్మడం లేదట. "మొగం చూపించమంటారు నాన్నా." ఈయన నా వైపు చూశారు. నేను అన్నం వడ్డించాను.

మార్చి 13, బుధవారం

అరచేయంత ముక్క కోశాను. రెక్సిన్, ఫోమ్, మధ్యలో అంటించే సొల్యూషన్ — రాక్షసుడికి వాడేదే. షెడ్డు వెనక రేకు మీద పెట్టి అగ్గిపుల్ల గీశాను.

పది లెక్కపెట్టేలోపు ఏమీ మిగల్లేదు. కరిగి, చుక్కలు చుక్కలుగా కారి, రేకుకు అతుక్కుంది. ఒక్కో చుక్కా కింద పడ్డాక కూడా మండింది. నల్లటి పొగ, గొంతు పట్టేసింది. చల్లారాక గీకితే రాలేదు.

ఇన్నేళ్ళుగా దీని మీదే జనాన్ని కూర్చోబెడుతున్నాను.

మార్చి 14, గురువారం

చెప్పాను. రేకు తెచ్చి చూపించాను కూడా.

"ఒట్టి ముక్క మే అది. ఫైట్ మాస్టరు ఉంటాడు. వీపు మీద మాత్రమే మంట, మిగిలిందంతా తడిపేస్తారు."

"వద్దని చెప్పండి."

"ఎట్ల చెప్పేది? ఆరడుగుల మూడంగుళాలోడు నేనొక్కడే ఉండానా? ఇంకోణ్ణి తెచ్చుకుంటారు. ఆ మొగం వానిది అయిపోతాది."

కోపం వచ్చింది. తర్వాత జాలి వేసింది. రెండూ కలిసి ఇంకా దిగలేదు.

మార్చి 17, ఆదివారం

చర్చిలో ఇవాళ మంటల్లో పడేసినా కాలని ముగ్గురి గురించి ప్రసంగం. వాళ్ళ బట్టలకు పొగ వాసనైనా అంటలేదట. ఆ బట్టలు కుట్టిందెవరో పాస్టరుగారు చెప్పలేదు.

మార్చి 20, బుధవారం

నేను కుట్టకపోతే ఎవరో ఒకరు కుడతారు. వాళ్ళు ముక్క కాల్చి చూడరు. అందుకే కుడుతున్నాను. లోపల గొంగళి అస్తరు. గొంగళి త్వరగా అంటుకోదు, మా అమ్మ పొయ్యి దగ్గర అదే వాడేది. ఫోమ్ పల్చగా. జిప్పు చంక కింద. తల తొడుగు మాత్రం వేసుకున్నాక మెడ దగ్గర కుట్టేయాలి.

ఇంతా చేస్తే, రాక్షసుడి చేతులకు గోళ్ళు. వేళ్ళు లోపలే కుట్టి ఉంటాయి. జిప్పు ఎక్కడుంటే ఏం, తనంతట తాను తీసుకోలేరు.

మొహానికి మైనం. మైనం కరిగితేనే మొహం కనపడేది. అదీ కాల్చి చూశాను. కరగడానికి ముప్పై లెక్కపెట్టాల్సి వచ్చింది.

మైనానికి ముప్పై. ఫోమ్‌కు పది.

మార్చి 22, శుక్రవారం

గుర్తు కావాలి. నిజంగా కాలితే నాకు తెలిసే గుర్తు.

చేయి ఊపితే? రాక్షసుడు ఊపుతాడు. అరిస్తే? అరుస్తాడు. పడిపోతే? పడిపోయేదే క్లైమాక్సు. దొర్లితే? అదీ ఉంది. ఏం చేసినా యాక్టింగే. ఈయన చాప మీద నిలబడి ఒక్కొక్కటీ చేస్తున్నారు, నేను కాదు కాదంటున్నాను.

సోఫీ ఇడ్లీ తింటూ తల కూడా ఎత్తలేదు. "రాక్షసుడు కూర్చోడు కదా నాన్నా."

నిజమే! ఇన్ని సినిమాలు చూశాను, కూర్చున్న రాక్షసుడు ఒక్కడూ లేడు. పాపం వాళ్ళకు కాళ్ళు నొప్పులుండవు కాబోలు.

ఈయన వెంటనే తొడుగు వేసుకుని బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. కొమ్ములు, గోళ్ళు, తోక పక్కకు సర్దుకుని... అన్నం కోసం ఎదురుచూస్తున్నట్టు. నేను కంచం తెచ్చి ముందు పెట్టాను. ముగ్గురం పడీ పడీ నవ్వాం. సోఫీకి ఎక్కిళ్ళు వచ్చాయి.

చాలా రోజులకు నిద్ర పట్టింది.

మార్చి 25, సోమవారం

దేవనహళ్ళి కోట. మంట లేకుండా రిహార్సలు. పనికి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

ఎంత బాగుందో! ఒక ఊరకుక్క తోక వెంట పడింది, వదలదు. హీరో పదిమందిని కొట్టాడు, ఉన్నది నలుగురే, లేచి లేచి మళ్ళీ వచ్చారు. హీరోయిన్ భయపడి అరవబోతే తుమ్ము వచ్చింది. డైరెక్టరు "ఉండనీ, బాగుండాది" అన్నాడు.

పన్నెండింటికి ఎండ. ఈయన గోడ దగ్గర నడుస్తూ నడుస్తూ — కూర్చున్నారు. బాసిపట్లు వేసుకుని.

పరుగెత్తాను. కత్తెరతో మెడ దగ్గర కుట్టు తెంపి తొడుగు లాగేశాను. మొహం ఎర్రగా, పెదవులు తెల్లగా. "గొంగళి మే... గొంగళి ఉడకబెడతాంది." నీళ్ళు తాగించాను. గుర్తు పనిచేసింది! దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, అక్కడే, అందరిముందూ.

అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. అటే చూస్తున్నాడు, ఈయన కూర్చున్న చోటు వైపు.

మార్చి 27, బుధవారం

డైరెక్టరు మళ్ళీ షెడ్డుకు వచ్చాడు.

"అమ్మా, మొన్న దానియేలు కూర్చునినాడు చూడు... నాకు ఒళ్ళు జలదరించింది. రాక్షసుడు మంటల్లో చిన్నబిడ్డ మాదిరి కూర్చుంటాడు. కదలడు. మైనం కారతా ఉంటాది. మెల్లగా మొగం. జనం నవ్వరమ్మా ఈసారి. ఏడుస్తారు."

"సార్, అది మా గుర్తు."

"ఏం గుర్తు?"

చెప్పాను. అంతా విన్నాడు, తల ఊపాడు. మంచివాడే. "అట్లయితే వేరేది పెట్టుకోండమ్మా. ఇది మాత్రం సినిమాకు కావాల."

ఈయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఏడుస్తారంట మే."

వేరేది ఏది? మళ్ళీ చాప మీద నిలబడి అన్నీ చేశారు. ఇప్పుడు అసలు కదలకూడదు కూడా. కదిలితే మైనం వంకరగా కారుతుందట. కదలని మనిషి గుర్తు ఎలా ఇస్తాడు?

సోఫీని అడిగాను. ఆలోచించి, "తెలీదు" అంది.

మార్చి 28, గురువారం

ముప్పై, పది. అస్తరు రెండు పొరలు వేశాను. సూది దిగడం లేదు, దబ్బనంతో కుట్టాను. వేళ్ళన్నీ పోట్లు.

రెండు పొరలు వేస్తే పది ఎంతవుతుందో నాకు తెలియదు. మనిషిని లోపల పెట్టి కాల్చి చూడలేదు కదా.

మార్చి 29, శుక్రవారం

ఏమీ రాయబుద్ధి కాలేదు. ఈయన క్షవరం చేయించుకుని వచ్చారు. మొహానికి పౌడరు వేసి చూసుకున్నారు. బాగున్నారా అని అడిగారు. బాగున్నారని చెప్పాను. నిజంగానే బాగున్నారు.

మార్చి 30, శనివారం. కోట

పెన్సిలుతో రాస్తున్నాను, గోడ నీడలో కూర్చుని.

నా దగ్గర కత్తెర. రెండు బకెట్ల నీళ్ళు. తడిపిన గొంగళి ఒకటి. డైరెక్టరు గట్టిగా చెప్పాడు, తను కట్ అనేదాకా ఎవరూ అడ్డం రాకూడదని. ఫైట్ మాస్టరు కిరోసిన్ తెచ్చాడు. డబ్బా నాకు అరవై అడుగుల దూరంలో ఉంది, వాసన ఇక్కడికి వస్తోంది.

తొడుగు కుట్టేసే ముందు ఈయన నా చెవిలో చెప్పారు. "నేను కూర్చోంగానే వచ్చేయొద్దు మే. షాట్ పోతాది. నా మొగం రానీ. నిజంగా కాలితే పిలుస్తా."

"వినపడదండీ."

"పేరు పెట్టి పిలుస్తా."

మెడ దగ్గర చివరి కుట్టు నేనే వేశాను. తెంపడానికి వీలుగా, వదులుగా. కొమ్ములు సర్దాను. లోపలి నుంచి ఏదో అన్నారు. ఏమన్నారో తెలియలేదు. ఊఁ అన్నాను.

కూర్చోగానే పరుగెత్తుతా. పది కూడా లెక్కపెట్టను. మొహం రాకపోతే రాకపోనీ, నన్ను జన్మంతా తిట్టుకోనీ... అని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. అనుకున్న ప్రతిసారీ బీరువా అద్దం కనపడుతోంది. ఆ మొహం ఇంట్లో రోజూ చూసేది నేను. ఇంకెవరూ చూడలేదు.

ఎండ లేదని ఆపారు. అర్ధరాత్రి సీనుకు ఎండ కావాలి. అందరూ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. రాక్షసుడు కూడా చూస్తున్నాడు, గోడ పక్కన, నిలబడి. నన్ను చూసి చేయి ఊపాడు. ఊరికేనేనా? ఊరికే అయ్యుంటుంది. ఇంకా ముట్టించలేదు కదా.

ఉండనీ ఆ మబ్బు. ఇంకాసేపు.

గోడ మీదికి ఎండ వస్తోంది.