గాజుల అంగడి వెనక గది

జూలై 6, ఆదివారం

అన్న అద్దం పగలగొట్టాడు. అంగడి వెనక నేను జుట్టు కత్తిరించే గదిలోని పెద్ద అద్దం. కుర్చీలో గిరాకీ కూర్చుని ఉండగానే.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చిన పిల్లాడు. వాళ్ళ తాత పెళ్ళి ఫోటో తెచ్చుకున్నాడు. పక్క పాపిడి, నుదుటి మీద ఎత్తుగా లేపిన జుట్టు, చెవుల దగ్గర నున్నగా. అచ్చం ఇట్లాగే కావాలన్నాడు. సగం అయింది. ఇంతలో ముందు అంగట్లోంచి అన్న వచ్చాడు, గాజుల పెట్టె ఎత్తి అద్దానికేసి కొట్టాడు. అద్దమూ పగిలింది, గాజులూ పగిలాయి.

"గాజులు తొడిగే చేత్తో గడ్డాలు గీస్తావా? ఈ బళేపేట బజారంతా నన్ను చూసి నగతా ఉండాది."

నగనీ. పిల్లాడి మెడ మీద గాజుముక్క గీరుకుంది. రక్తం తుడిచి, తల పూర్తిచేసే పంపాను. 

జూలై 7, సోమవారం

ఇంట్లో గలాటా. అమ్మ మధ్యలోకి వస్తే అన్న తోసేశాడు. నేను కత్తి నూరుకునే తోలుపట్టీ తీశాను. అన్న వీపు మీద రెండు... ఎంత బాగుండిందో. ఛీ. బాగుండింది, అబద్ధమెందుకు.

నా బొటనవేలు కొరికాడు. నలభై దాటిన మనిషి కొరుకుతాడా?

జూలై 8, మంగళవారం

అన్న కొరికింది ఎడమ చెయ్యి కాబట్టి బతికాను, కత్తి పట్టేది కుడిచేత్తో.

జూలై 10, గురువారం

అన్న పేట మంగలి కదిరప్పను కొట్టాడు.

నాయన పెళ్ళికి గడ్డం గీసిన మనిషి. మా ఇద్దరి పుట్టువెంట్రుకలు తీసిన మనిషి. నాకు కత్తి పట్టడం నేర్పాడు, అదీ ఆయన చేసిన తప్పు. పూలంగడి ముందర, అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడట. "మావాణ్ణి మంగలోణ్ణి చేస్తివి కదరా." రా అన్నాడు, డెబ్బై దాటినాయన్ని.

కదిరప్ప వంగి, కిందపడ్డ కళ్ళద్దాలు ఏరుకుని వెళ్ళిపోయాడట. సాయంత్రం వాళ్ళింటికి పోతే తలుపు తీయలేదు. లోపలి నుంచే, "పో అప్పా. మీ ఇంటోళ్ళ మొగం నాకొద్దు."

అన్నను చంపాలి. రాస్తే ఏమవుతుంది? రాస్తున్నాను. చంపాలి.

జూలై 13, ఆదివారం

కొత్త అద్దం. గిరాకీ బాగుంది. అన్న రాలేదు, గోడ అవతల కూర్చుని గాజుల పెట్టెలు టపటపా విసురుతున్నాడు.

ఈ కుర్చీని గుజరీలో, పాత సామాన్ల సంతలో, తుప్పు ముద్దగా చూశాను. పీణ్య కార్ఖానాల్లో ఒకాయన దాని కాలు కొత్తగా చేసిచ్చాడు, ఇప్పుడు వేలితో తోస్తే తిరుగుతుంది. పాతకాలం తల ఒకటి కుదరాలంటే గంట పడుతుంది. దువ్వెన, కత్తెర, చివర్లో కత్తి. మెషిన్ ముట్టను. తైలం రాసి పాపిడి తీశాక కుర్రాడు అద్దంలో చూసుకుని కొంచెం నిటారుగా కూర్చుంటాడు. ఆ కూర్చోవడం కోసమే ఇదంతా. పిచ్చి అంటారు. పిచ్చే.

జూలై 19, శనివారం

నాయన మంచం దిగడం లేదు. తల దువ్వాను, పెళ్ళినాటి పాపిడి తీశాను. అద్దం ఇస్తే చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూపించి అన్నతో, "వెనక గది సీనాదిరా. నా మాట. దాని జోలికి పోవద్దు." అన్న తల ఊపాడు. అప్పుడు అక్కడ మేం ముగ్గురమే.

బయటికి రాగానే నా మెడ పట్టుకుని గోడకు అదిమాడు. "కాగితం ఉండాదా? సాక్షి ఉండాడా? ఆయన్ని పోనీ, నీ కుర్చీని మళ్ళా గుజరీకే తోలతా."

ఊపిరాడలేదు. మోకాలితో పొడిచాను. అన్న వంగిపోయాడు. లోపల నాయన దగ్గుతున్నాడు, మేం బయట చప్పుడు లేకుండా కొట్టుకుంటున్నాం.

జూలై 26, శనివారం

నాయన పోయాడు.

జూలై 29, మంగళవారం

అన్న నా గదికి తాళం వేశాడు. కర్మ అయ్యేదాకా మూయాలి కదా అంటాడు. తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు. నా కత్తి ఇంట్లో ఉండిపోయింది, అదొక్కటే దక్కింది.

ఆగస్టు 3, ఆదివారం

రేపు కొడుకులిద్దరికీ గుండ్లు. కదిరప్పకు కబురు పంపారు. జవాబొచ్చింది: "మీ ఇంట్లోనే ఒకడుండాడు కదా. వానితోనే చేయించుకోండి."

ఆయన కాదన్న ఇంటికి పేటలో ఇంకెవరూ రారు. ఎల్లుండికి జరుపుదామంటే మంగళవారం, కత్తి పడకూడదు. చిన్నాయన వచ్చి నన్ను అడిగాడు. అన్న అడగలేదు, పళ్ళు కొరుకుతూ గోడకేసి చూశాడు.

నవ్వొచ్చింది. నాయన పోయిన ఇంట్లో నవ్వొచ్చింది.

ఆగస్టు 4, సోమవారం

శ్మశానం దగ్గరి కొళాయి కింద అన్న నా ముందు కూర్చున్నాడు. తల వంచాడు. చుట్టాలంతా ఉన్నారు. అయ్యవారు అటు తిరిగి దర్భలు సర్దుకుంటున్నాడు.

నీళ్ళు చల్లి ఎడమవైపు మొదలుపెట్టాను. నడినెత్తి దాకా వచ్చి ఆపాను.

"గది గురించి నాయన ఏమన్నాడో చెప్పు. అందరి ముందరా."

"గీయరా."

"చెప్పు. లేదంటే సగం తలతోనే పిండం పెట్టు."

లేవబోయాడు. కత్తి చెవి వెనక ఉంది, లేచినందుకే తెగింది. నేను కోయలేదు. కోయలేదనే రాస్తున్నాను. మెడ మీదుగా రక్తం. అమ్మ, "వద్దురా, మీ నాయన చూస్తా ఉంటాడురా," అని అరిచింది. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. అన్న అది చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఎనక గది వానిది. నాయనే చెప్పినాడు. చాలునా?"

చాలు. మిగిలిన సగం గీశాను. మీసం కూడా. ఇంకొక్క గాటు పడలేదు, అంత నెమ్మదిగా గీశాను.

నాది నేనే గీసుకుందామనుకున్నాను. అన్న కత్తి లాక్కున్నాడు. "కూర్చో."

చిన్నాయన వద్దన్నాడు. నేను కూర్చున్నాను. భయపడ్డానని ఎవడూ అనుకోకూడదు. అన్న జీవితంలో కత్తి పట్టని మనిషి. ఎన్ని గాట్లు పెట్టాడో, కళ్ళలోకి రక్తం దిగింది. కావాలని కోశాడో, చేతకాక కోశాడో... ఎడమ చేత్తో నా తల పట్టుకునే ఉన్నాడు. ఆపమని నేను అనలేదు. అయిపోయాక అన్నే నా తల కడిగాడు.

ఇద్దరం నెత్తురు తలలతో పిండం పెట్టాం. కాకి వెంటనే ముట్టింది. నాయనకు మా కొట్లాటలు అలవాటే.

ఆగస్టు 5, మంగళవారం

జ్వరం. దిండుకు తల అంటుకుపోతోంది.

ఆగస్టు 7, గురువారం

అన్న గాజుల అంగడి తెరిచాడు. నా గది తెరవలేదు. చెవి వెనక ప్లాస్టరుతో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ముందు నుంచి పోతే తల ఎత్తలేదు.

చిన్నాయనకు ఫోన్ చేశాను. అందరి ముందర ఒప్పుకున్నాడు కదా, మీరొక మాట చెప్పండి అని. హెబ్బగోడి బస్సులో ఉన్నాడు, ఒకటే చప్పుడు.

"కత్తి పెట్టి చెప్పించిన మాట ఒక మాటేనా అప్పా?"

ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం నుంచీ దీని మీదే ఉన్నాను. నాయన చెప్పింది నిజం. అన్న ఒప్పుకుంది నిజం. కానీ ఆ ఒప్పుకున్నది ఇప్పుడు ఎందుకూ పనికిరాదు, అలా చేసింది నేనే.

ఆదివారానికి గిరాకీలు అడుగుతున్నారు, ఉంటావా అన్నా అని. ఉంటానని చెప్పాను.

రేపు పోయి తాళంచెవి అడగాలి. కత్తి లేకుండా, ఉత్త చేతులతో ఎట్లా అడుగుతారో తెలియడం లేదు...