దొర వినని విజిల్

అమ్మడికి, నాన్న దీవెనలు.

ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. ముగ్గురిలోనూ నువ్వు వదిలివెళ్ళిన నీ కుక్క దొర మరీ బాగున్నాడు, మీ అమ్మ ఫరవాలేదు, నేను ఏదో ఉన్నాను. అక్కడ నువ్వూ, నీ గొర్రెలూ కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం అంది నాలుగు వారాలైంది. జవాబు ఇంత ఆలస్యం ఎందుకైందో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్లో నువ్వు కుక్క సంగతి ఎత్తిన ప్రతిసారీ నేను గబుక్కున ఫోను మీ అమ్మ చేతికి ఎందుకిచ్చేశానో కూడా తెలుస్తుంది.

నంబర్లు వేసి మరీ నాలుగు ప్రశ్నలు అడిగావు. పశువుల డాక్టరువి కదా, కన్నతండ్రికి రాసినా కేసు షీటు లాగే రాస్తావు.

ఒకటి, బరువు. నలభై మూడు కిలోలు. ముందు వాణ్ణి ఎత్తుకుని మిషను ఎక్కాను, తరవాత వాణ్ణి దించేసి నేనొక్కణ్ణే ఎక్కాను. ఆ తీసివేత లెక్కకి నా నడుము రెండు రోజులు పట్టేసింది.

రెండు, పది మీటర్ల తాడు. వాడుతున్నాను. చేతికి చుట్టుకోవద్దని రాశావు. చుట్టుకున్నాను. గేటు ముందు నుంచి ఒక ఉడుత పోయింది. అరచేతిలో తోలు లేచిపోయి, వారం పాటు ఎడమచేత్తో గడ్డం గీసుకున్నాను. ఇప్పుడు తోలు గ్లౌజులు కొన్నాను, తాడు చుట్టుకోవడం మానేశాను.

మూడో ప్రశ్న దగ్గరికి తరవాత వస్తాను.

నాలుగు, కర్రకి తాడు కట్టి, తాడు చివర గుడ్డపీలిక కట్టి దాన్ని వాడి ముందు పరిగెత్తిస్తున్నానా అని. మొదట్లో లేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవింగు నేర్పినవాణ్ణి, వీధి అంతా చూస్తుండగా గుడ్డపీలిక ఊపుకుంటూ గెంతడమేమిటి అనుకున్నాను.

అసలు ఈ కుక్కతో నేను పడే పాట్లు నీకు తెలియవు. తల్లి వేటకుక్క, తండ్రి మంద కాసే కుక్క అని నువ్వు గొప్పగా చెప్పావు. తల్లి నుంచి కాళ్ళు తెచ్చుకున్నాడు, తండ్రి నుంచి పొగరు తెచ్చుకున్నాడు. కూర్చోమంటే వెంటనే కూర్చోడు. నన్ను ఒకసారి చూస్తాడు, వీధిని ఒకసారి చూస్తాడు, కూర్చుంటే తనకేం ఒరుగుతుందో తేల్చుకుంటాడు. రాక కాదు, వచ్చు. మనసు పుట్టదు. పక్కింటి టైలరమ్మ పిల్లి గోడ మీద కూర్చుంటే మాత్రం వాడి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఇక ఆ చెవిలో మైకు పెట్టి అరిచినా లోపలికి పోదు. ఎంత మొండి విద్యార్థి అయినా కారులో నా వైపు ఇంకో బ్రేకు ఉండేది, తొక్కితే ఆగేది. వీడికి నా వైపు బ్రేకు లేదు. ఒళ్ళు మండిపోతోంది అమ్మడూ, నీకు కాక ఎవరికి చెప్పుకోను.

ఇక మూడో ప్రశ్న. విజిల్ వేస్తే పదిసార్లకి ఎన్నిసార్లు వస్తున్నాడు?

ఈ ప్రశ్న ఎందుకు అడిగావో నాకు తెలుసు. ఈ నెల పందొమ్మిదో తారీకున మీ ఫారం మేనేజరు ముందు, గొర్రెల దొడ్డి పక్కన వాణ్ణి వదిలి చూస్తారు. మొదటి పిలుపుకే వెనక్కి వస్తే నీ క్వార్టర్సులో ఉండనిస్తారు, రాకపోతే లేదు. అయిదు నెలలుగా ఆ ఒక్క రోజు కోసం నువ్వు ఎదురుచూస్తున్నావు. అందుకే ఈ ప్రశ్నని చివరికి నెట్టుకుంటూ వచ్చాను.

నువ్వు వెళ్ళేరోజు ఆ విజిల్ నా మెడలో వేసి ఏం చెప్పావో గుర్తుందా? "నాన్నా, దీనికి వాణ్ణి అలవాటు చెయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇది వేస్తే వాడికి ఎప్పుడూ మంచే జరగాలి. జేబులో కార్జం ముక్క లేకపోతే వేయకు. ప్రాణం మీదికొస్తే తప్ప వీధిలో వాడకు." నేను సరే అన్నాను.

మొదటి వారంలో ఒకరోజు వాడు డాబా మీద ఉన్నాడు. నా మోకాళ్ళు మెట్లెక్కనన్నాయి. ఒక్కసారి విజిల్ వేశాను. అంతెత్తు కుక్క మెట్లన్నీ దూకి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. ఆ క్షణం నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. అంతే, చేతికి అలవాటైపోయింది. స్నానం చేయించడానికి విజిల్. గోళ్ళు కత్తిరించడానికి విజిల్. టైలరమ్మ వస్తే వెనక గదిలో పెట్టి గడియ వేయడానికి విజిల్. షికారు చాలించి ఇంటికి తోలుకురావడానికి విజిల్. జేబు కంపు కొడుతుందని కార్జం ముక్కలు మానేశాను. వాడు రావడం కొంచెం కొంచెం ఆలస్యం చేశాడు. నేను ఇంకా గట్టిగా ఊదాను. నాలుగు నెలల్లో నీ రెండేళ్ళ కష్టం ఊదేశాను.

పోయిన నెల పదో తారీకు పొద్దున పాలు తెచ్చుకుని గేటు తీశాను. నా కాళ్ళ సందులోంచి దొర బయటికి దూరాడు. పిల్లి గోడ దిగి రోడ్డు దాటింది. నేను విజిల్ వేశాను. వాడు రోడ్డు అంచున ఆగాడు. వినపడలేదని అనడానికి లేదు. తల తిప్పి నా మొహం కేసి చూశాడు. చూసి, రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

నీళ్ళ డబ్బాల వ్యాను కీచుమని ఆగింది. వాడికీ చక్రానికీ మధ్య జానెడు ఉంది. డ్రైవరు తిట్టడానికి దిగి, నన్ను చూసి తగ్గాడు. "మాస్టారూ, మీరా? బ్రేకు మీరు నేర్పిందేనండి" అన్నాడు. పిల్లి ఎదురింటి సన్‌షేడు ఎక్కింది. దొరకి ఒక్క గీత కూడా పడలేదు. నేను మాత్రం పాలన్నీ రోడ్డు పాలు చేశాను.

ఇంటికొచ్చి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు పెరట్లోకి పోయి నాకు వీపు తిప్పి పడుకున్నాడు. ఇంతలో వంటింట్లో మీ అమ్మ స్టీలు డబ్బా మూత తీసింది. ఆ టక్కుమన్న చప్పుడుకి వాడు పెరట్లోంచి ఒక్క పరుగున వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనకుండానే.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నా విజిల్ వినడు. నీ డబ్బా మూత వింటాడు" అన్నాను.

"మీరు పిలిచినప్పుడల్లా వాడికి ఏదో ఒకటి పోతుంది కదండీ" అంది మీ అమ్మ, వాడి నోట్లో ముక్క పెడుతూ. "ఆట పోతుంది, ఎండ పోతుంది, గోళ్ళు పోతాయి. నేను పిలిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. అంతే తేడా."

అక్కడితో ఆపితే బాగుండేది. మూత పెడుతూ ఇంకో మాట కూడా అంది. "అమ్మడిని మీరు పిలిచినా అంతేగా. మీ ఫోను ఎత్తడమే 'ఇప్పుడేమైంది నాన్నా' అంటూ ఎత్తుతుంది పిల్ల."

రెండు రోజులు మీ అమ్మతో మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకుంది. కోపం కాదు. నీకు కారు నేర్పిన రోజులు గుర్తొచ్చాయి. నేను ముందు నీ పేరు పిలిచేవాణ్ణి, ఆ వెంటనే నా వైపు బ్రేకు తొక్కేవాణ్ణి. పదకొండో రోజు నువ్వు కారు పక్కకి ఆపి, తాళం నా ఒళ్ళో పెట్టి, ఇంటిదాకా నడిచి వెళ్ళిపోయావు. పొగరు అనుకున్నాను. నాలుగు వేలమందికి నేర్పానని చెప్పుకుంటాను, నా కూతురు ఇప్పటికీ బస్సులోనే తిరుగుతుంది. కారులోనే కాదు. మార్కులు తగ్గితే పిలిచాను, ఆలస్యంగా వస్తే పిలిచాను, లైటు ఆపకపోతే పిలిచాను. ఊరికే పిలిచిన రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామని కూర్చున్నాను, దొరకలేదు. ఆ కుక్క రోడ్డు అంచున నా మొహం చూసిన చూపు ఉందే, అది నేను అంతకుముందు నువ్వు తాళం నా ఒళ్ళో పెట్టినప్పుడు నీ మొహంలో చూశాను.

విజిల్ సొరుగులో పెట్టేశాను. ఇరవై నాలుగు రోజులుగా స్టీలు డబ్బాతో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాం. మూత టక్కుమంటే కార్జం, లేకపోతే గుడ్డపీలిక ఆట. స్నానానికి నేనే వాడి దగ్గరికి వెళ్తున్నాను. నీ నాలుగో ప్రశ్నకి అసలు జవాబు ఇదీ: ఆడిస్తున్నాను, గెంతుతున్నాను, వీధి అంతా చూస్తోంది. గదిలో పదికి పది వస్తున్నాడు. పెరట్లో తొమ్మిది. తాడు కట్టి వీధిలో అయితే ఆరు, ఒక్కోరోజు నాలుగు. ఆ రోజుల్లో తాడూ డబ్బా గోడవతల పారేసి లోపలికి పోవాలనిపిస్తుంది. టైలరమ్మని బతిమాలుకున్నాను. కొన్నాళ్ళు మొహం చాటేసినా, ఇప్పుడు రోజూ పొద్దున పిల్లిని అద్దాల కిటికీలో కూర్చోబెడుతోంది. నిన్న దొర ఆ కిటికీ కేసి బిగుసుకుపోయి ఉండగా మూత తీశాను. చాలాసేపు నిలబడ్డాడు. తరవాత వచ్చాడు. చెవులు మాత్రం కిటికీ దగ్గరే వదిలేసి వచ్చాడు, అయినా వచ్చాడు.

పందొమ్మిదికి గొర్రెల ముందు వస్తాడని నేను మాట ఇవ్వలేను. నేనే తీసుకొస్తాను, డబ్బా కూడా తెస్తాను. రాకపోతే, పాడుచేసింది నేనని మీ మేనేజరుకి నా నోటితో చెప్పి ఇంకో గడువు అడుగుతాను. ఇవ్వనంటే వాడు మా దగ్గరే ఉంటాడు. అప్పుడు అక్కడ నీ గది బోసిపోతుంది, ఆ తప్పు నాది. నన్ను నువ్వు కోప్పడాలి, కోప్పడు.

ఆదివారం సాయంత్రం నీకు ఫోను చేస్తాను. చెప్పడానికేం ఉండదు. నువ్వు "ఇప్పుడేమైంది నాన్నా" అంటావు, నేను ఏమీ లేదమ్మా, ఊరికే అంటాను. మొదట్లో నమ్మవు, నాకు తెలుసు. పై ఆదివారం మళ్ళీ చేస్తాను.

ఇట్లు,
ఊరికే పిలవడం నేర్చుకుంటున్న
మీ నాన్న